పోటీలేని యెన్నిక

జిల్లా కేంద్రమున ప్రధానోపాధ్యాయుల సంఘమువారి వార్షిక సభ జరుగుచున్న దనుకొందము. ఉదయము ఉపన్యాసములు, మధ్యాహ్నము తీర్మానములు, సాయంకాలము నూతన కార్యవర్గపు టెన్నిక. పెద్ద యొకరు లేచి ఒక పేరు ప్రతిపాదింతురు. మరియొకరు బలపరతురు. వేరెవరైన గలరా యని అధ్యక్షుడు నలుదిక్కులు చూచును. ఎవరును పలుకరు. చప్పట్లు మ్రోగును. పూలదండ ముందే సిద్ధముగ నుండును. మరునాడు "ఏకగ్రీవముగ నెన్నుకొనబడిరి" అను వార్త పత్రికల కందును. అట్టి వార్తలను మేమును ప్రకటించుచునే యున్నాము. అది సభికుల సమ్మతియా, సభికుల మౌనమా యని మేమెన్నడును విచారించి యెరుగము. మౌన మర్ధాంగీకార మని పెద్దలు చెప్పుదురు. అర్ధాంగీకారము పూర్ణాంగీకారము కాదని గూడ మనము జ్ఞాపక ముంచుకొనవలయును.

ఈ విషయమును విచారించుటకు మేము గ్రేటు బ్రిటనును ఉదాహరణముగ గైకొనుచున్నాము. దానికి కారణ మొకటి గలదు. అచ్చటి ప్రధానోపాధ్యాయ సంఘములు మర్యాదకు కూడుకొను గోష్ఠులు కావు. చట్టరీత్యా కార్మిక సంఘములు. వాని పాలక సమితి యెన్నిక ఎట్లు జరుగవలయునో పార్లమెంటు శాసనమే నిర్ణయించినది. వోటరు పట్టిక మొదలు వోట్ల లెక్కింపువరకు ఏ యంశమును ఆ శాసనము విడిచిపెట్టలేదు. ఇంత కట్టుదిట్టము చేసియు ఒక్క తలుపు మాత్రము తెరచి యుంచినది. ఆ తలుపు పేరు పోటీలేమి.

ముందుగా ఈ సంఘముల పూర్వోత్తరములు కొంత తెలిసికొనుట యవసరము. 1874లో ఇంగ్లండునందలి బాలికా పాఠశాలల ప్రధానోపాధ్యాయినులు కొందరు ఒక సంఘముగ నేర్పడిరి. ఉత్తర లండను కాలేజియేటు పాఠశాల నడపిన ఫ్రాన్సెస్ మేరీ బస్ దాని మొదటి యధ్యక్షురాలు. చెల్టెన్‌హాం బాలికా కళాశాలాధిపతురాలు డొరొతియా బీల్ ఆమెకు తోడుగ నిలిచెను. పార్లమెంటు టెన్నికలలో రహస్యముగ వోటు వేయు పద్ధతి ఆ దేశమునకు వచ్చి అప్పటి కింకను రెండేండ్లే యైనది. 1872 నాటి బ్యాలెటు చట్టముతో అది వచ్చినది. స్త్రీలకు పార్లమెంటు వోటు 1918లో కొందరికి, 1928లో పురుషులతో సమానముగ అందరికిని లభించినది. అనగా దేశము తమకు వోటీయకముందే ఈ విద్యావతులు తమ సంఘమును తాము పాలించుకొన నేర్చిరి. పురుషుల సంఘము 1890లో వెలసినది. 1978లో ఈ రెండును కలిసి మాధ్యమిక పాఠశాలాధిపతుల సంఘమైనవి. 2006లో అది అసోసియేషన్ ఆఫ్ స్కూల్ అండ్ కాలేజి లీడర్స్ అను నేటి పేరు ధరించెను. పాఠశాలకు అధిపతి యొక్కడే నాయకుడు కాడనియు, ఉపాధిపతులును, వ్యయ నిర్వాహకులును, కళాశాలాధిపతులును బాధ్యత వహించువారే యనియు ఆ పేరు చెప్పుచున్నది. లెస్టరు పట్టణము కేంద్రముగ గల ఈ సంఘమున 25 వేలకు పైగా సభ్యులున్నారు. ప్రాథమిక పాఠశాలల ప్రధానోపాధ్యాయులలో బలముగల నేషనల్ అసోసియేషన్ ఆఫ్ హెడ్ టీచర్స్ అను మరియొక సంఘము 1897 నుండి యున్నది.

ఇట్టి సంఘము పక్షమున ఎవరు మాటలాడుదురను ప్రశ్న చిన్నది కాదు. 2023 జనవరిలో రెడింగు పట్టణమున ఒక ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయిని ప్రాణము తీసికొనెను. ప్రభుత్వ తనిఖీలో తన పాఠశాలకు అధమశ్రేణి నిర్ణయింపబడుటయే ఆమె వ్యధకు మూలము. ఆ తనిఖీ ఆమె మరణమునకు దోహదము చేసినదని మరణ విచారణాధికారి అదే సంవత్సరము డిసెంబరులో నిర్ణయించెను. పాఠశాల మంచిచెడ్డల నన్నిటిని ఒక్క మాటలో తీర్చివేయు పద్ధతిని మానుడని రెండు సంఘములును పట్టుబట్టినవి. 2024 సెప్టెంబరులో ఇంగ్లండు ప్రభుత్వము ప్రభుత్వ పాఠశాలల విషయమున ఆ పద్ధతిని విడిచిపెట్టినది. మంత్రుల యెదుట కూర్చుండి వాదించువాడు తన సభ్యుల నిజమైన ప్రతినిధి యైనపుడే ఆ మాటకు బరువు. జీతము, పరీక్ష, తనిఖీ, పనివేళ, ఈ యన్నిటియందును సమితి చెప్పినది సంఘము చెప్పినట్లే. కావున సమితి యెట్లు పుట్టుచున్నదో విచారింపవలసి యున్నది.

ఇక శాసనము సంగతి. 1984 నాటి చట్టము కార్మిక సంఘముల ప్రధాన కార్యనిర్వాహక సమితిని సభ్యులే ప్రత్యక్షముగ, రహస్యముగ నెన్నుకొనవలయునని విధించెను. 1988 నాటి చట్టము తపాలా ద్వారా వోటును, స్వతంత్ర పరిశీలకుని చేర్చెను. 1992లో ఈ విధులన్నియు ఒక్క శాసనముగ కూర్పబడినవి. దాని ప్రకారము ప్రధాన సమితి సభ్యుడుగాని ప్రధాన కార్యదర్శిగాని తిరిగి యెన్నిక కాకుండ అయిదేండ్లకు మించి పదవిలో నుండరాదు.

మొదటిది వోటరు పట్టిక. సభ్యుల పేర్లు, చిరునామాలు సంఘము సరిగా నుంచవలయును. తన పేరు పట్టికలో నున్నదో లేదో ఏ సభ్యుడైనను ఉచితముగ చూచుకొనవచ్చును. అడంగలు తప్పయిన పొలము తగవు ఎట్లు ముగియునో మా పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. పట్టిక తప్పయిన యెన్నికయు నట్టిదే.

రెండవది పోటీచేయు హక్కు. ఏ సభ్యుని గాని అకారణముగ పోటీనుండి తొలగింపరాదు. ఫలాని రాజకీయపక్షమున చేరవలయునని నిర్బంధింపరాదు. ఒక తరగతి సభ్యులు పోటీకి అనర్హులని నియమావళిలో వ్రాసికొనుటకు వీలున్నది. కాని ఆ తరగతి ఎవరన్నది సంఘము తన యిష్టము చొప్పున అప్పటికప్పుడు తేల్చునట్లు వ్రాసిన నియమము చెల్లదు. పాలకులు తమకు గిట్టనివానిని గుమ్మములోనే ఆపుటకు చేయు యుక్తులను ఆలోచించియే శాసనకర్తలు ఈ మాట వ్రాసిరి.

మూడవది అభ్యర్థి మాట. ప్రతి యభ్యర్థియు తన విన్నపమును వ్రాసి యీయవచ్చును. దానికి సంఘము పరిమితి పెట్టవచ్చును గాని ఆ పరిమితి నూరు మాటలకు తగ్గరాదు. సంఘము తన ఖర్చుతోనే దానిని వోటు పత్రములతోపాటు సభ్యులకు పంపవలయును. అభ్యర్థి సమ్మతి లేనిదే ఒక్క యక్షరమును మార్చరాదు. పలుకుబడి గలవానికిని, ఇదివరకు పేరు వినబడనివానికిని ఒకే కొలత.

నాలుగవది వోటు. ఎవరెవరు ఏ స్థానమునకు వోటు వేయవలయునో ప్రాంతమును బట్టి గాని, వృత్తిశాఖను బట్టి గాని సంఘము విభజించుకొనవచ్చును. అందుచేతనే ఒక మండలమువారు తమ ప్రతినిధిని, ఒక శాఖవారు తమ ప్రతినిధిని పంపుటకు వీలగుచున్నది. వోటు పత్రములకు వరుస సంఖ్యలుండవలయును. అవి సభ్యుని యింటికి తపాలాలో పోయి తపాలాలోనే తిరిగి రావలయునని ఆ శాసనము విధించెను. సభ్యునికి ఖర్చు కలుగరాదు, ఒత్తిడి యుండరాదు. అభ్యర్థులకు నేరుగ పడిన వోట్ల లెక్కయే ఫలితమును నిర్ణయింపవలయును. అభ్యర్థులను ప్రాధాన్యక్రమమున గుర్తించి వోటును బదలాయించు పద్ధతికి అడ్డు లేదు.

అయిదవది సాక్షి. స్వతంత్ర పరిశీలకుని పేరు వోటు పత్రముమీదనే యుండును. ఎన్ని పత్రములు పంపబడినవి, ఎన్ని తిరిగి వచ్చినవి, ఎవరి కెన్ని వోట్లు వచ్చినవి, ఎన్ని చెల్లకపోయినవి యని అతడు నివేదిక వ్రాయును. ఫలితము ప్రకటించిన తరువాత ఒక సంవత్సరము ఆ పత్రములను అతడు భద్రపరచవలయును. అన్యాయము జరిగినదని తలచు సభ్యుడు ఆ సంవత్సరములోపల సర్టిఫికేషన్ ఆఫీసరు అను ప్రత్యేకాధికారికి ఫిర్యాదు చేసికొనవచ్చును. ఆ పదవిని 1975 నాటి చట్టము స్థాపించినది.

ఇంతవరకు చదివిన పాఠకుడు ఇంతకంటె చేయవలసిన దేమున్నదని యడుగును. తూము గట్టిగ కట్టిరి, కాలువ సరిగ త్రవ్విరి. చెరువులో నీరున్నదా యని మేమడుగుచున్నాము. ఏలననగా అదే శాసనమున మరియొక సెక్షను గలదు. ఒక స్థానమునకు ఒక్క యభ్యర్థియే యున్నపుడు వోటింగు జరుపనక్కరలేదని అది చెప్పుచున్నది. అంతటితో పట్టిక, విన్నపము, పత్రము, పరిశీలకుడు అన్నియు ఇంటిదారి పట్టవలసినదే. ఇరువదిమంది సభ్యులలో పందొమ్మండుగురికి అతనియం దిష్టము లేకపోయినను, ఇరువదవవాడు ఒక్కడే పత్రము దాఖలు చేసినచో అతడే ప్రతినిధి. ఇది చట్టమునకు విరుద్ధము కాదు. ప్రజాస్వామ్యమునకు మాత్రము దగ్గరి చుట్టము కాదు.

పాఠశాలాధిపతుల సంఘములకు ఈ వ్యాధి సోకుటకు ప్రత్యేక కారణములున్నవి. ప్రధానోపాధ్యాయునికి తీరిక యుండదు. సమితి సమావేశమునకు పోవలెనన్న పాఠశాల విడిచి దూరప్రయాణము చేయవలయును. ఆ దినమున బడిలో ఏమి జరిగినను బాధ్యత అతనిదే. కావున ఎవరో యొకరు ముందుకు వచ్చిరన్న మాటయే పదివేలని తక్కినవారు తలంతురు. మరియు వీరందరును దినదినము ఇతరులకు ఆజ్ఞలిచ్చువారు. తోటి అధిపతి యెదుట నిలిచి ఓడిపోవుట వీరికి సులభము కాదు. ఓటమి భయమున్నచోట పోటీ మొలవదు.

అయినను పోటీ వచ్చినపుడేమి జరుగునో 2017లో లోకము చూచినది. ఆ సంవత్సరము పైని జెప్పిన సంఘమునకు నూతన ప్రధాన కార్యదర్శి కావలసివచ్చెను. సమితి తన యభ్యర్థిని నిర్దేశించెను. ఆయన అనుభవజ్ఞుడే, కాని పాఠశాలాధిపతి పదవినుండి వచ్చినవాడు కాడు. బెరీ సెయింట్ ఎడ్మండ్స్ పట్టణమునందలి కింగ్ ఎడ్వర్డ్ పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడుగ నుండిన జెఫ్ బార్టన్ ఎదురు నిలిచెను. వోటు పత్రములు ఇండ్లకు పోయినవి. సభ్యులు బార్టనునే యెన్నుకొనిరి. ఆయన ఆ యేప్రిలులో పదవి స్వీకరించి 2024 వరకు ఏడేండ్లు నిర్వహించెను.

సమితి నిర్దేశించినవాడు అయోగ్యుడని మేమనుట లేదు. మేము గమనింపవలసినది వేరు. సభ్యులు తామే యెన్నుకొన్న సమితి ఒక నిర్ణయమునకు వచ్చినది. ఆ సభ్యులే మరియొక నిర్ణయమునకు వచ్చిరి. రెండవవాడు నిలువకపోయినచో ఈ యంతరము ఎన్నటికిని బయటపడెడిది కాదు. అప్పుడును పత్రికలలో సర్వసమ్మతమను మాటయే అచ్చుపడెడిది. ఎదురు నిలిచిన ఒక్కడు తన సంఘమునకు చేసిన మేలు, తాను గెలుచుట కాదు. సభ్యుల మనస్సు సభ్యులకే తెలియజేయుట. ఓడియుండినను ఆ మేలు మేలే.

మరియొక యుదాహరణము గలదు. 2023 జనవరిలో నేషనల్ అసోసియేషన్ ఆఫ్ హెడ్ టీచర్స్‌వారు ఇంగ్లండులో జీతముల విషయమై తమ సభ్యుల వోటు గోరిరి. వోటు వేసినవారిలో నూటికి 64 గురు సమ్మెకు, 87 గురు సమ్మెకంటె తక్కువయైన చర్యకు సమ్మతించిరి. కాని వోటు వేసినవారు మొత్తము సభ్యులలో నూటికి 42 గురే. సగము మందియైన పాల్గొననిదే సమ్మె చెల్లదని 2016 నాటి చట్టము అప్పుడు శాసించుచుండెను. కావున అంత స్పష్టమైన యభిప్రాయమును వృథా యయ్యెను. తపాలా సమ్మెలవలన పత్రములు ఆలస్యమైనవని సంఘము మొరపెట్టుకొన్నది. ఆ మొరలో న్యాయమున్నది. మేము వేరొక చిత్రమును చూపదలచితిమి. ఒక్కదినము పని మానుటకు సగము మంది వోటు కావలెనన్న రాజ్యము, అయిదేండ్లు పాలించు సమితికి ఒక్కరి వోటును లేకున్నను సరియే యన్నది. ప్రభుత్వమునకు సమ్మెను గూర్చి భయమున్నది. ప్రాతినిధ్యమును గూర్చి అంత పట్టుదల లేదు. ఆ పట్టుదల సభ్యులకే యుండవలయును. ఇంట గెలిచి రచ్చ గెలువవలయునను సామెత సంఘములకు మరింత వర్తించును. తమ సమితిని తాము శ్రద్ధతో నెన్నుకొను అలవాటున్న సభ్యులే కష్టకాలమున పత్రము నింపి పంపుదురు.

ఇప్పుడు మనయింటికి వత్తము. రాజ్యాంగము 171వ యధికరణము శాసనమండలి స్థానములలో పండ్రెండవ వంతును ఉపాధ్యాయులకు కేటాయించినది. ఆంధ్రప్రదేశ్ మండలిలో 58 స్థానములకు 5, తెలంగాణ మండలిలో 40 స్థానములకు 3 వారివి. మాధ్యమిక స్థాయికి తక్కువకాని విద్యాలయములలో మూడేండ్లయిన బోధించినవారు వోటర్లు. వారు రహస్యముగ, ప్రాధాన్యక్రమమున ఒకటి, రెండు, మూడు అని గుర్తించి వోటు వేయుదురు. అంత సూక్ష్మమైన పద్ధతి నెరిగిన విద్యావంతులు, తమ సొంత సంఘమున చప్పట్లతో తృప్తిపడుట యేల?

ఏకగ్రీవమునందు మనకు గల మోజు సంఘములకే పరిమితము కాదు. 2021 పంచాయతీ యెన్నికల సమయమున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఏకగ్రీవ గ్రామములకు జనసంఖ్యను బట్టి 5 లక్షలు మొదలు 20 లక్షల రూపాయలవరకు బహుమానము ప్రకటించెను. గ్రామమున కక్షలు పెరుగకుండుట మంచిదే. ఖర్చు తగ్గుటయు మంచిదే. ఊరివారు రచ్చబండయొద్ద కూర్చుండి మనసులు విప్పి మాటలాడుకొని ఒక యోగ్యునిపై ఏకీభవించినచో దానికి మేమును నమస్కరింతుము. కాని బెదిరింపు చేతను, మొగమాటము చేతను, వేలముపాట చేతను వచ్చిన ఏకగ్రీవమును గుర్తించుట యెట్లు? రెండింటికిని పైరూపు ఒక్కటే. తూర్పారబట్టనిదే గింజ యేదో, పొల్లు యేదో తేలదు.

పోటీ పెట్టిన ముఠాలు పుట్టునని కొందరు పెద్దలు ఆక్షేపింతురు. ఆ భయము నిరాధారము కాదు. కాని ముఠాలు పోటీవలన పుట్టవు. పోటీకి న్యాయమైన దారి లేనపుడు చాటున పెరుగును. ఓడినవాడు లెక్క సరియైనదని నమ్మినచో మరుసటి సభకు వచ్చి కూర్చుండును. లెక్కయే లేనిచోట అతడు వేరొక సంఘము పెట్టుకొనును. ఒకే వృత్తివారు ఇన్ని సంఘములుగ ఏల చీలిరని యడుగువారు ఈ సంగతి యాలోచింపవలయును.

కావున మన ప్రధానోపాధ్యాయ సంఘములవారికి మేము చేయు మనవి యిది. ఎన్నికకు నెలదినముల ముందే సభ్యుల పట్టికను అందరికి కనబడునట్లుంచుడు. పేర్లను సభలో కేకవేసి యడుగక, వ్రాతమూలమున ముందుగ గోరుడు. సభలో లేచి నిలుచుటకు సంకోచించు యువకులును, స్త్రీలును, మారుమూల పాఠశాలలవారును అప్పుడు ముందుకు వత్తురు. ప్రతి యభ్యర్థి విన్నపమును సంఘపు ఖర్చుతో ప్రతి సభ్యునికి పంపుడు. లెక్కింపు సంఘమునకు సంబంధము లేని న్యాయవాదికో, విశ్రాంత న్యాయాధికారికో అప్పగింపుడు. అన్నిటికంటె ముఖ్యమైనది, ఇంగ్లండు చట్టము విడిచిన తలుపును మనము మూయవచ్చును. అభ్యర్థి యొక్కడే యైనను వోటు పత్రము పంపుడు. దానిపై రెండే మాట లుంచుడు: సమ్మతము, అసమ్మతము. నిజమైన ఏకగ్రీవ మైనచో ఆ పత్రము దానికి సాక్ష్యమగును. కానిచో నాయకునికి సకాలమున హెచ్చరిక యగును. ఖర్చు స్వల్పము. నిజముగ ప్రియమైన నాయకునికి దీనివలన నష్టమేమియు లేదు.

పాఠశాల తరగతి నాయకుని యెన్నికలో పిల్లలచేత చీటీలు వ్రాయించి, డబ్బాలో వేయించి, అందరియెదుట లెక్కించి చూపు ఉపాధ్యాయులు మనలో ఎందరో గలరు. అదియే వారు నేర్పు పౌరధర్మపాఠము. ఆ పాఠమును వారి సంఘములును చదువుకొనిన చాలును. వచ్చు వార్షిక సభలో వేరెవరైన గలరా యని అధ్యక్షుడడిగినపుడు, ఒక్కరైన లేచి నిలుతురుగాక. అతడు గెలిచినను ఓడినను ఆ సభను మేము ఎన్నిక యని వ్రాయుదుము.